అరటి దొప్పలో మూడు ముద్దలు

గెల దూలానికి వేలాడుతోంది. పై వరుసల కాయలు పసుపెక్కాయి, కింది వరుస కొసల్లో ఇంకా పచ్చదనం పోలేదు. పంచలోకి అడుగు పెట్టగానే ముందు ముక్కుకు తగిలేది ఆ వాసనే. కళ్లు నీడకు అలవాటు పడ్డాక ఒక్కొక్కరే కనిపిస్తారు. గోడకు జేరబడి కూర్చున్న అత్త, కత్తిపీట ముందు అక్క, గెల కింద తలెత్తి నిలబడ్డ పిల్లలిద్దరు.

జులై నెల, ఆదివారం, మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున వెలిగొండల మీద మబ్బులు కాసేపు తచ్చాడి అటునుంచి అటే వెళ్లిపోయాయి. సీతారామపురానికి మిగిలింది ఉక్కపోత. నెల్లూరు జిల్లాకు ఇది పడమటి కొస. ఊరి వెనక కొండలు దాటితే కడప జిల్లా, పోరుమామిళ్ల. సముద్రపు గాలి ఇక్కడిదాకా రాదు. ఇట్లాంటి మధ్యాహ్నం పిల్లల మనసు చల్లటి తిండి మీదికి పోకుండా ఎట్లా ఉంటుంది? వాళ్లు అడిగింది బనానా స్ప్లిట్. ఫోన్లో బొమ్మ చూపించి మరీ అడిగారు. నిలువునా చీల్చిన అరటిపండు, నడుమ మూడు రంగుల ఐస్‌క్రీం ముద్దలు, వాటి మీద మూడు రకాల పాకాలు, మీగడ నురగ, పప్పులు, అన్నిటికీ పైన ఎర్రటి చెర్రీ.

"ఉదయగిరికి పోయి డబ్బా తెస్తే పోలా?" అన్నాడు బావ పొద్దున. తేవచ్చు. కానీ ఈ ఎండలో ఇంటికి చేరేసరికి డబ్బాలో సగం పాలై ఉంటుంది. దాన్ని మళ్లీ ఫ్రీజరులో పెడితే గట్టిపడుతుంది గానీ నాలుకకు గరుగ్గా తగులుతుంది. మొదటిసారి సన్నటి పలుకులుగా గడ్డకట్టిన నీరు, కరిగి రెండోసారి గడ్డకట్టేటప్పుడు పెద్ద పలుకులవుతుంది. ఆ గరుకు అదే. పైగా డబ్బా మీది అక్షరాలు చదువుకోవాలి. మన దేశంలో మామూలు ఐస్‌క్రీంలో పాలకొవ్వు నూటికి 10 వంతులకు తగ్గకూడదు. పాలకొవ్వు బదులు నూనెల కొవ్వు వాడిన దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ పేరుతో అమ్ముతారు. ఇంట్లో బర్రె పాలు ఉండగా ఆ వెతుకులాట మనకెందుకు? అందుకని బావ బండేసుకుని ఐసు గడ్డ కోసం వెళ్లాడు. ఆయన వచ్చేలోపు మనకు చేతినిండా పని ఉంది.

అక్క గెల నుంచి రెండు పండ్లు తుంచి ఇస్తుంది. "సరిపోతాయా చూడు, ఇంకో రోజు ఆగాల్నా?"

మీరూ ఒకటి చేతిలోకి తీసుకోండి. తొడిమ దగ్గర పట్టుకుని అడ్డంగా చాపితే పండు వంగకూడదు. తోలు మీద కోణాలు తేలి కనిపించకూడదు, గుండ్రంగా నిండి ఉండాలి. పసుపు మీద అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు అప్పుడే మొదలై ఉండాలి. చుక్కలు లేకపోతే నోట్లో వగరు తగులుతుంది, ఎక్కువైతే కత్తి ఆనించగానే జావ అవుతుంది. ఇది సరిగ్గా ఆ నడిమి రోజు. తోలు ఒలుస్తుంటే పీచు అంటుకోకుండా చక్కగా వచ్చేస్తుంది.

అత్త ఈ గెలను పచ్చిగా ఉన్నప్పుడే కోయించి వరిగడ్డిలో మాగబెట్టింది. కాయలో ఉన్న పిండి పదార్థం దాదాపు అంతా మాగేటప్పుడు చక్కెరగా మారుతుంది. పండు తనంతట తాను వదిలే ఇథిలీన్ అనే వాయువు ఆ మార్పును తోసుకుపోతుంది. గడ్డి కప్పితే ఆ వాయువు బయటికి పోకుండా కాయల మధ్యనే ఉంటుంది. కార్బైడ్ పెట్టి తొందరగా పసుపు తెప్పించిన పండ్లు వేరు. తోలు పండుతుంది, లోపల పిండి పిండిగానే ఉంటుంది. కార్బైడ్ వాడకూడదని చట్టం ఉంది. చట్టం సంగతి అట్లా ఉంచినా, ఆ పండుతో ఈ వంటకం కుదరదు. ఐస్‌క్రీం పక్కన పచ్చి పిండి రుచి దాగదు.

బజారులో పచ్చ అరటి దండిగా ఉంది. కొండల అవతల పులివెందుల వైపు, ఇంకా దక్షిణాన రైల్వే కోడూరు వైపు తోటలకు తోటలే పండిస్తారు. అందులో ఎక్కువ భాగం గ్రాండ్ నైన్, కావెండిష్ కుటుంబానిది. పొడుగు, నునుపు, చూడముచ్చటగా ఉంటుంది. బొమ్మలో ఉన్నదీ ఆ పండే. అయినా ఈ ఇంట్లో నేను కర్పూర చక్కరకేళికే ఓటేస్తాను. ఐస్‌క్రీం తీపి, పాకాలు తీపి. వాటి కింద పచ్చ అరటి పెడితే తీపి మీద తీపి పేరుకుని నాలుగో చెంచాకు మొహం మొత్తుతుంది. కర్పూరంలో తీపి వెనకాల చిన్న పులుపు ఉంటుంది, కండ గట్టిది, చలికి బిగుసుకున్నా సాగదు. పొట్టి పండు కాబట్టి ఒకటి చాలదు, దొప్పకు రెండు వేస్తాం. బనానా స్ప్లిట్‌ను ఐస్‌క్రీం వంటకంగా చూసేవాళ్లు పండును గిన్నె అంచుకు అలంకారంగా వాడతారు. నా మట్టుకు ఇది అరటిపండు వంటకం. పండు రుచిని నిలబెట్టడానికి మిగిలినవన్నీ వస్తాయి.

"పండును కత్తి లేకుండా చీల్చొచ్చు తెలుసా?" అంటే చిన్నది నమ్మదు. ఒలిచిన పండు కొన మీద బొటనవేలు ఆనించి మెల్లగా లోపలికి నొక్కమన్నాను. పండు దానంతట అదే మూడు పాయలుగా విడిపోతుంది, నిలువునా, ఎవరో గీత గీసి కోసినట్టు. అరటికాయ లోపల మూడు గదులుంటాయి. అవి కలిసే చోట్లే ఆ అతుకులు. చిన్నది మూడు పాయల్నీ వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూస్తుంది. మధ్యన సన్నగా, నల్లటి చుక్కలు బారులు తీరి ఉన్నాయి. ఎదగని గింజల గుర్తులవి. చూడటం అయ్యాక మూడూ నోట్లో వేసుకుంది. దొప్పలోకి మాత్రం కత్తితోనే రెండుగా చీల్చుతాం. మూడు పాయలైతే నిలబడవు, దొప్పకు రెండు వైపులా గోడల్లా ఆనాలి.

ఇంతలో పొయ్యి మీద నేరేడు పండ్లు ఉడుకుతున్నాయి. అసలు పద్ధతిలో ఇక్కడ స్ట్రాబెరీ పాకం ఉండాలి. స్ట్రాబెరీ మన రాష్ట్రంలో లంబసింగి చలికి పండుతుంది, అదీ శీతాకాలంలో. జులైలో మనకు నేరేడే. గింజ తీసిన గుజ్జు, దానిలో సగం చక్కెర, పది నిమిషాలు చిన్న మంట. రంగు చూశారా, గరిటెకు అంటిన చోట ఊదా, పలచబడిన చోట గులాబి. పైనాపిల్ పాకం బదులు నీలం మామిడి. అన్ని మామిళ్లూ అయిపోయాక చివర మిగిలేది అదే. దాన్ని ఉడికించను. చిన్న ముక్కలు కోసి, సగం మెదిపి, నిమ్మరసం పిండితే చాలు. చాక్లెట్ పాకం మామూలే. కోకో పొడి, చక్కెర, పాలు, చివర వెన్నముద్ద. కోకో మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన పండేదే. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశే ముందు.

చెర్రీ సంగతి చెప్పాలి, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట అదే. అసలైన మరాస్కినో చెర్రీ అడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియాది. మరాస్కా అనే పుల్లటి చెర్రీని దాని సారాలోనే నిలవ చేసేవాళ్లు. అమెరికా సోడా షాపుల్లో ఐస్‌క్రీం నెత్తికెక్కింది దాని పేరే. మన బేకరీల్లో కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీల్లో చాలావాటి అసలు రూపం మాత్రం వాక్కాయ. గింజ తీసి, పాకం పట్టి, రంగు వేస్తే చెర్రీ అయిపోతుంది. ఈ ఇంటి దొడ్డికి వాక్కాయే కంచె. ముళ్లు చూసి మేక కూడా దగ్గరికి రాదు. దాని చుట్టం కలివి ఈ కొండల్లో పొదలు పొదలుగా ఉంటుంది. పశువుల కాపర్లు పండ్లు ఏరుకు తింటారు. అక్క వాక్కాయలకు గాటు పెట్టి గింజలు తీసి, ఒక రాత్రి ఉప్పునీళ్లలో ఉంచి పాలు, వగరు పోగొట్టింది. ఆ తర్వాత చక్కెర పాకంలో వేసి, రోజూ పాకం మాత్రం వంచి ఇంకాస్త చిక్కబరిచి మళ్లీ పోసింది. రంగు బీట్‌రూట్‌ది. సీసాలోంచి ఒకటి తీసి వెలుతురుకు పట్టుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. కొరికితే ముందు తీపి, వెంటనే దవడలు పట్టేసే పులుపు.

బండి చప్పుడు. "రండి రండి, కరిగిపోతుండాది!" బావ గోనెసంచి భుజాన వేసుకుని పరుగున వస్తాడు. చొక్కా వెనక భాగమంతా తడిసిపోయింది. ఊకలో చుట్టిన ఐసు గడ్డ, పది కిలోలపైనే ఉంటుంది. దొడ్లో సంచి మూతి కట్టి, అదే సంచి మీద రోకలితో కొడుతున్నాడు. చప్పుడు మొదట గట్టిగా, తర్వాత పొడిపొడిగా మారుతుంది. గోలీలంత ముక్కలు కావాలి. పెద్దవైతే క్యాను గోడకు ఆనవు, పొడైతే ముందే కరుగుతాయి.

పాలు పొద్దునే సిద్ధమయ్యాయి. రెండు లీటర్ల బర్రె పాలు మూడో వంతు ఇగిరేదాకా కాచి, పాలలో కలిపిన ఒక చెంచా మొక్కజొన్న పిండి, 200 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి చల్లార్చి ఉంచింది అక్క. రుచి చూడండి. తీపి కాస్త ఎక్కువగా ఉంది కదా? ఉండాలి. చలికి నాలుక మొద్దుబారి తీపి తక్కువ తెలుస్తుంది. ఇప్పుడు సరిపోయిందనిపిస్తే గడ్డకట్టాక చప్పగా ఉంటుంది. బర్రె పాలలో కొవ్వు ఆవు పాలకు దాదాపు రెట్టింపు. ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. అందుకే వేరే క్రీం కొనాల్సిన పని లేదు.

మూడు చిన్న స్టీలు క్యాన్లు. ఒకదాంట్లో పాలు, వెనీలా చుక్కలు. రెండోదాంట్లో పాలలో కోకో ముద్ద కలిపాం. మూడోదాంట్లో వట్టి పాలే. నేరేడు గుజ్జు ఇప్పుడే పోస్తే పులుపుకు విరుగుతాయి, పాలు సగం గట్టిపడ్డాక కలపాలి. మూతలు బిగించి వెడల్పాటి టబ్బులో నిలబెట్టాం. చుట్టూ ఐసు ఒక వరుస, దాని మీద కల్లుప్పు, మళ్లీ ఐసు, మళ్లీ ఉప్పు. మూడు వంతుల ఐసుకు ఒక వంతు ఉప్పు. మన జిల్లాలోనే అల్లూరు దగ్గర ఇస్కపల్లి మడుల్లో పండేటువంటి దొడ్డుప్పు కావాలి, సన్నటి పొడి ఉప్పు అడుక్కి జారిపోతుంది.

"ఉప్పేస్తే ఐసు ఇంకా తొందరగా కరిగిపోతాది కదా మామా?" పెద్దోడి అనుమానం. వాడు తొమ్మిదో తరగతి.

కరుగుతుంది. కరగాలనే వేస్తున్నాం. వట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. చక్కెర కలిసిన పాలు ఆ చలికి గడ్డకట్టవు, ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగాలి. ఉప్పు తగిలిన ఐసు సున్నా కన్నా కిందనే కరగడం మొదలుపెడుతుంది. కరగడానికి వేడి కావాలి గదా, ఆ వేడిని పక్కనున్న స్టీలు గోడలోంచి, దాని లోపలి పాలలోంచి లాక్కుంటుంది. లెక్క ప్రకారం ఉప్పునీటిలో ఉప్పు నూటికి 23 వంతులుంటే మైనస్ 21 డిగ్రీల దాకా దిగవచ్చు. టబ్బులో అంత దిగదు గానీ మనకు కావాల్సిన దానికి చాలా ఎక్కువే. వేలు పెట్టొద్దు, కాలినట్టు చురుక్కుమంటుంది. పెద్దోడు పెట్టనే పెట్టాడు, వెంటనే తీసి చొక్కాకు రుద్దుకుంటున్నాడు.

ఇక తిప్పుడు. ఒక్కొక్క క్యాను ఒక్కొక్కరికి. పిడి పట్టుకుని కుడికి అర చుట్టు, ఎడమకు అర చుట్టు, ఆగకుండా. గరగరమని ఐసు ఒరుసుకుంటుంది. అయిదు నిమిషాలకోసారి మూత చుట్టూ గుడ్డతో తుడిచి తెరవాలి. ఒక్క చుక్క ఉప్పునీరు పడితే ఆ క్యాను పాడైనట్టే. మొదటిసారి తెరిచినప్పుడు మార్పేమీ కనిపించదు. రెండోసారి గోడ వెంబడి తెల్లటి పొర కట్టి ఉంటుంది. దాన్ని చెక్కగరిటెతో గీకి మధ్యలోకి తోసి కలుపుతాం. ఇట్లా గీకి కలపడంలోనే అంతా ఉంది. పలుకులు పెరగకుండా విరుగుతాయి, కొంత గాలి లోపలికి చేరుతుంది. ఆ రెండూ జరగకపోతే చేతికొచ్చేది పాలైసు, ఐస్‌క్రీం కాదు.

ఈ గరిటె ఉదయగిరిది. దుర్గం కొండ కింద ఆ ఊళ్లో కుటుంబాలకు కుటుంబాలు చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతాయి. నర్ది, బిక్కి, కలివి, దేవదారు వాళ్లు వాడే కర్రలు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పిడి చివర చిన్న పువ్వు చెక్కారు, చూడండి, గోరంత కూడా లేదు, అయినా రేకులు లెక్కపెట్టొచ్చు. స్టీలు గరిటె అయితే ఈపాటికి చల్లబడి చేతికి అతుక్కునేది. చెక్క చలిని పైకి పాకనివ్వదు, స్టీలు గోడను గీరదు. కలివి కంపకు కాసిన పండును చిన్నప్పుడు తిన్నవాళ్లు, దాని కర్రతో చేసిన చెంచాతో ఐస్‌క్రీం తినడం నాకైతే ఎంతో బాగుంటుంది.

చేతులు లాగుతున్నాయి. మాటల్లో పెడితే తెలియదని పిల్లలకు ఈ వంటకం పుట్టిన చోటు చెప్తున్నాను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాట్రోబ్ అనే ఊరు, 1904. అక్కడ అప్పట్లో మందుల షాపుల్లోనే సోడా, ఐస్‌క్రీం కూడా అమ్మేవాళ్లు. టాసెల్ ఫార్మసీలో డేవిడ్ ఎవాన్స్ స్ట్రిక్లర్ అనే 23 ఏళ్ల కుర్రాడు పని నేర్చుకుంటూ ఉండేవాడు. పండును నిలువునా చీల్చి మూడు ముద్దలు పెట్టి అమ్మాడు. ధర 10 సెంట్లు, మిగతా వాటికి రెట్టింపు. అయినా పక్క కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. దానికోసం పొడుగాటి గాజు పడవలు ప్రత్యేకంగా చేయించాల్సి వచ్చింది. ఒహాయోలో విల్మింగ్టన్ వాళ్లు కాదు మాదంటారు, 1907లో ఎర్నెస్ట్ హజార్డ్ అనే హోటలాయన చేశాడని ఏటా పండగ కూడా చేసుకుంటారు. తారీఖుల్ని బట్టి నేను లాట్రోబ్ వైపే.

"ఆళ్లది ఏం పండు?" అత్త అడిగింది. అంత కథలో ఆమెకు కావాల్సింది అదొక్కటే. సరైన ప్రశ్న కూడా అదే.

గ్రోస్ మిషెల్. అప్పట్లో అమెరికాకు ఓడల్లో వెళ్లిన అరటి దాదాపు అంతా అదే. తర్వాత మట్టిలోంచి వచ్చే పనామా తెగులు తోటలకు తోటల్ని తినేసింది. 1960లలో వ్యాపారం దాదాపు అంతా కావెండిష్‌కు మారిపోయింది. అంటే 1904లో ఆ కాలేజీ పిల్లలు తిన్న రుచి ఇప్పుడు వాళ్ల ఊళ్లో మామూలు అంగడిలో దొరికే పండుతో రాదు. అటువంటప్పుడు మన కర్పూర అరటితో చేసింది అసలుది కాదని ఎవరంటారు?

"మాకు ఐసంటే సైకిలు పెట్టెలో పుల్లైసే నాయనా," అంటుంది అత్త. "సేమ్యా ఐసు వచ్చినాక, ఆ కొసన ఉండే సేమ్యా కోసం ఆడోళ్లం కూడా కొట్టుకునేవాళ్లం." అంతకు ముందు కాలానికి వెళ్తే మన దక్షిణాదికి ఐసు అమెరికా నుంచే వచ్చింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల మీది మంచు కోయించి, రంపపు పొట్టులో చుట్టి ఓడలకెక్కించాడు. 1833లో కలకత్తాకు చేరింది. 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున దాన్ని నిలవ చేయడానికి ఐస్ హౌస్ కట్టారు. ఇప్పటి వివేకానంద హౌస్ అదే. ఆ మరుసటి ఏడే, 1843లో, ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ అనే ఆమె చేత్తో తిప్పే ఐస్‌క్రీం యంత్రానికి పేటెంటు తీసుకుంది. బకెట్టు, ఐసు, ఉప్పు, మధ్యలో డబ్బా, ఒక పిడి. మన టబ్బులో ఉన్నదీ అదే.

అరగంట దాటింది. వెనీలా క్యానులో గరిటె నిలబడుతోంది. మూడోదాంట్లో చల్లారిన నేరేడు గుజ్జు పోసి గబగబా కలుపుతున్నాడు బావ. తెలుపులో ఊదా చారలు తిరిగి, చారలు కలిసిపోయి, అంతా లేత వంగపండు రంగుకు తిరిగింది. ఇక తిప్పడం ఆపి, కరిగిన నీళ్లు కొంత వంచేసి, మిగిలిన ఐసు, ఉప్పు నింపి తడి గోనె కప్పి నీడలో ఉంచాం. ఒక గంట అలాగే ఉంటే ముద్ద తీయడానికి గట్టిపడుతుంది.

ఆ గంటలో పప్పులు. వేరుశనగ గింజలు మూకుట్లో సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, చేటలో పొట్టు చెరిగి, ఒక్కొక్కటి రెండు మూడు చెక్కలయ్యేలా దంచితే చాలు. అమెరికాలో అక్రోటు కాయ వేస్తారు. వేరుశనగ ఇంకా బాగుంటుంది, కమ్మగా.

మీగడ నురగ అత్తదే. రెండు రోజుల మీగడ, ఐసు మీద పెట్టిన గిన్నె, కొంచెం చల్లటి పాలు, చక్కెర పొడి. కవ్వం వేసి రెండు అరచేతుల మధ్య తిప్పుతోంది. ఈ పనిలో ఆగాల్సిన క్షణం తెలియాలి. మీగడ పలచబడి, తర్వాత ఉబ్బి, కవ్వం వెనకాల గీత మిగలడం మొదలవుతుంది. ఆ గీత కలిసిపోకుండా నిలిచిందంటే అక్కడే ఆపాలి. ఇంకో పది తిప్పులు తిప్పితే వెన్న విడిపోతుంది. అత్త గిన్నెలోకి చూడటం లేదు, చప్పుడు వింటోంది. జారుడుగా ఉన్న చప్పుడు బరువెక్కగానే కవ్వం ఎత్తేసింది. బజారు క్రీములా కొమ్ముల్లా నిలబడదు గానీ, గరిటెతో వేస్తే వేసిన చోటే ఉంటుంది. మనకు అంతకన్నా అక్కర్లేదు.

గాజు పడవలు లేవు, వాటి అవసరమూ లేదు. గెల కోసిన అరటి చెట్టు బోదె దొడ్లో పడి ఉంది. పైపొరలు తీసేసి లోపలి తెల్లటి పట్టలు జానెడున్నర పొడవున కోశాడు పెద్దోడు. అవి పుట్టుకతోనే పడవలు. కార్తీకంలో దీపాలు పెట్టి నీళ్లలో వదిలే దొప్పలు ఇవే. కోసిన చోట కారే జిగురు బట్టకంటితే మరక పోదు కాబట్టి బాగా కడిగి, లోపల లేత అరటాకు ముక్క పరిచి, ఐసు మీద ఆనించాం. దొప్ప చల్లగా ఉంటే ముద్ద అడుగు వెంటనే కరగదు.

ఇప్పుడు తొందరపడాలి. అక్క పండ్లు ఒలిచి నిలువుగా చీల్చుతుంటే, చిన్నది కోసిన ముఖాలకు నిమ్మచెక్క రుద్దుతోంది. కోసిన పండు గాలి తగిలి నల్లబడకుండా నిమ్మ పులుపు కాసేపు ఆపుతుంది. నిమ్మకాయకు మన వైపు కరువేముంది, పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి దేశమంతా పోతాయి. నాలుగు ముక్కల్ని, కోసిన వైపు లోపలికి ఉండేలా, దొప్ప అంచుల వెంబడి రెండేసి నిలబెట్టాం. గరిటె నీళ్లలో ముంచి మొదటి ముద్ద, వెనీలా. రెండోది చాక్లెట్. మూడోది నేరేడు. ఒకదానికొకటి ఆనుకుని పండ్ల మధ్య కుదురుకున్నాయి. వెనీలా మీద మామిడి, చాక్లెట్ మీద చాక్లెట్ పాకం, నేరేడు మీద నేరేడు. చాక్లెట్ పాకం గోరువెచ్చగా ఉండాలి, వేడిగా ఉండకూడదు. ముద్దను తాకగానే జారడం ఆగి, మెరుపు పోయి పొరలా బిగుసుకుంటుంది. దాని మీద మీగడ, మీగడ మీద వేరుశనగ, మూడు ముద్దల నెత్తిన మూడు వాక్కాయలు.

చెంచా పై నుంచి కాదు, పక్క నుంచి దించండి. అడుగున పండు ముక్క, దాని మీద ఐస్‌క్రీం, అంచున పాకం, అన్నీ ఒకే చెంచాలో రావాలి. ముందు పళ్లకు చలి తెలియదు, చెక్క చెంచా గదా. పాలు కరుగుతుంటే కోవా వాసన వస్తుంది, గంటసేపు కాచిన పాలకే ఆ వాసన. అది అయిపోతుండగా పండు గట్టిగా పంటికి తగిలి, కర్పూరం పులుపు బయటికొస్తుంది. నేరేడు దగ్గరికి వచ్చేసరికి నాలుక మీద సన్నటి వగరు. ఆ వగరే తర్వాతి చెంచాకు దారి చేస్తుంది. స్ట్రాబెరీ ఉంటే ఇది దొరికేది కాదు.

మాటల్లేవు. పిల్లల గడ్డాలు ఊదారంగుకు తిరిగాయి. బావ దొప్ప ఎత్తి అడుగున చేరిన మూడు పాకాల కలగలుపును తాగేస్తున్నాడు. అత్త చాక్లెట్ ముద్దను మనవడి దొప్పలోకి తోసేసి, వాక్కాయను దవడన పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఈ పులుపుంటేనే తిన్నట్టుండాది. నాకు ఇంకోటి కట్టమ్మే, నల్లది వద్దు, నేరేడువి రెండెయ్యి."

"నాక్కూడా అవ్వకు లాగానే," అంటోంది చిన్నది. క్యాన్లలో ఇంకా సగం ఉంది, టబ్బులో ఐసు మాత్రం వేగంగా దిగిపోతోంది. అక్క లేచి గెల నుంచి ఇంకో నాలుగు పండ్లు తుంచుతుంది. పెద్దోడు దొప్పలు కోయడానికి కత్తి పట్టుకుని దొడ్లోకి పరిగెత్తాడు. మీ దొప్ప ఖాళీ అయితే ఇటివ్వండి.